ఆర్గాన్‌ను పియానోలా నేర్పకండి: లారీ యంగ్ తరఫున కీబోర్డ్ గురువులకు బహిరంగ లేఖ

కీబోర్డ్ నేర్పే గురువులకు, సంగీత శిక్షణాలయాల నిర్వాహకులకు నమస్కారం.

మీ దగ్గరకొచ్చే పిల్లల కీబోర్డ్‌లో నాలుగైదు ఆర్గాన్ శబ్దాలైనా ఉంటాయి. జాజ్ ఆర్గాన్, రాక్ ఆర్గాన్, చర్చ్ ఆర్గాన్ అని వాటికి పేర్లు. పిల్లవాడు కుతూహలంగా ఒకటి నొక్కుతాడు, అప్పటిదాకా నేర్చుకున్న పియానో పాఠాన్నే దాని మీద వాయిస్తాడు, ఏదో బొంగురుగా, గజిబిజిగా ఉందనిపించి మళ్లీ పియానో శబ్దానికి వెళ్లిపోతాడు. తప్పు పిల్లవాడిది కాదు. ఆర్గాన్ వాయించే తీరు వేరని వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ తీరును జాజ్‌లో ఇద్దరు మలిచారు. మొదటివాడు జిమ్మీ స్మిత్. ఆయన పేరు మీలో చాలామందికి తెలుసు. రెండో ఆయన లారీ యంగ్. ఈ లేఖ ఆయన గురించి. రాస్తున్నది హామండ్ కంపెనీ ఎలక్ట్రిక్ ఆర్గాన్లు వాయించేవాళ్లం, విప్పి బాగుచేసేవాళ్లం.

లారీ యంగ్ 1940 అక్టోబర్ 7న అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం న్యూవార్క్‌లో పుట్టారు. తండ్రి ఆర్గాన్ వాద్యకారుడు. 1960లో, ఇరవై ఏళ్లు నిండీ నిండకముందే సొంత పేరుతో రికార్డు చేశారు. అప్పటి వాదనంలో జిమ్మీ స్మిత్ నీడ స్పష్టంగా కనిపిస్తుంది: బ్లూస్ పలుకుబళ్లు, చురుకైన దెబ్బ, ఊపు. 1964కల్లా మనిషి మారిపోయాడు. అప్పుడు బ్లూ నోట్ రికార్డు సంస్థలో చేరారు, గ్రాంట్ గ్రీన్ గిటార్ పక్కన, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ పక్కన కూర్చున్నారు. గ్రీన్ చేసిన 'టాకిన్ అబౌట్' రికార్డులో 'టాకిన్ అబౌట్ జె.సి.' అనే రచన యంగ్‌దే. ఆ జె.సి. సాక్సోఫోన్ దిగ్గజం జాన్ కోల్ట్రేన్. తర్వాతి ఏడాది, 1965 నవంబర్ 10న, ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లోని రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో యంగ్ ఆల్బమ్ 'యూనిటీ' రికార్డయింది. ట్రంపెట్ వుడీ షా, వయసు 20. టెనర్ సాక్సోఫోన్ జో హెండర్సన్, 28. డ్రమ్స్ ఎల్విన్ జోన్స్, 38, అప్పటికింకా కోల్ట్రేన్ బృందంలోనే ఉన్నారు. ఆర్గాన్ యంగ్, 25. బేస్ వాద్యకారుడు లేడు. ఆ పని కూడా ఆర్గాన్‌దే.

జాక్ మెక్‌డఫ్ అనే మరో పెద్ద ఆర్గానిస్టు యంగ్‌ను 'ఆర్గాన్ కోల్ట్రేన్' అన్నారు. ఇంత మాట అనిపించుకున్నాయన ఎందుకు మరుగున పడ్డారు? అనవసరంగా గుండెలు బాదుకోవద్దు. కారణాలు మామూలువే, లెక్కగా చెప్పొచ్చు.

మొదటి కారణం ఆయుష్షు. 1978 మార్చి 30న 37 ఏళ్లకే పోయారు. రెండోది పేరు. ఇస్లాం స్వీకరించి ఖాలిద్ యాసిన్ అయ్యారు. కొన్ని రికార్డుల అట్టల మీద ఒక పేరు, కొన్నింటి మీద మరో పేరు. వెతికేవాడికి సగమే దొరుకుతుంది. మూడోది, ఆయన ఉన్న చోట్లు అలాంటివి. 1969 ఆగస్టులో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'బిచెస్ బ్రూ' రికార్డు చేసినప్పుడు 'ఫారోస్ డాన్స్', 'స్పానిష్ కీ' రెండింటిలోనూ యంగ్ ఎలక్ట్రిక్ పియానో వాయించారు. అయితే అదే గదిలో జో జావినుల్, చిక్ కొరియా కూడా ఎలక్ట్రిక్ పియానోలతోనే కూర్చున్నారు. ముగ్గురి శబ్దమూ కలిసి పారుతుంటే ఏది ఎవరిదో చెప్పడానికి చెవి కాదు, ఓపిక కావాలి. అదే ఏడాది మేలో డ్రమ్స్ వాయించే టోనీ విలియమ్స్, గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌లతో చేసిన 'ఎమర్జెన్సీ!' అసలు ఆర్గాన్ చరిత్రలోనే కొత్త అధ్యాయం. కానీ ఆ రికార్డింగ్‌లో శబ్దం పగిలిపోయింది. మొదటిసారి విన్నవాళ్లు స్పీకర్ పాడైందేమో అనుకుంటారు. 1969లోనే రికార్డయిన 'మదర్ షిప్' అనే మంచి ఆల్బమ్ 1980 దాకా బయటికే రాలేదు. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. ఇక చివరిది వాద్యమే. 1970ల నడుమ హామండ్ కంపెనీ పాత పద్ధతి ఆర్గాన్ల తయారీ ఆపేసింది, సింథసైజర్లు వచ్చాయి. వాయించేవాళ్లు తగ్గితే వాద్యంలోని గొప్పవాళ్లను తలిచేవాళ్లూ తగ్గుతారు.

మీకు ఒక దగ్గరి దారి చెబుతాం. మెక్‌లాఫ్లిన్ అంటే మనవాళ్లకు శక్తి బృందం గుర్తొస్తుంది. ఆ తర్వాతి 'రిమెంబర్ శక్తి'లో మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ ఆయన పక్కన కూర్చుని వాయించారు. శ్రీనివాస్ పుట్టిన 1969లోనే మెక్‌లాఫ్లిన్ పక్కన ఉన్నది లారీ యంగ్. 1973లో మెక్‌లాఫ్లిన్, కార్లోస్ శాంటానా కలిసి చేసిన 'లవ్ డివోషన్ సరెండర్'లో ఆర్గాన్ కూడా యంగ్‌దే. శ్రీనివాస్‌ను వింటూ మెక్‌లాఫ్లిన్ దాకా వెళ్లిన చెవికి యంగ్ ఇంకొక్క అడుగు దూరం.

ఇప్పుడు అసలు సంగతికొస్తాం. యంగ్‌ను పాఠంలోకి తేవాలంటే ముందు వాద్యాన్ని ఉన్నదున్నట్టు చూపించాలి.

హామండ్ ఆర్గాన్లలో బి-3 అనే మోడల్ బయటకొచ్చింది 1954లో. అందులో గాలి లేదు, తీగలు లేవు. పళ్లున్న లోహపు చక్రాలు 91 ఒక మోటారు మీద తిరుగుతుంటాయి, ప్రతి చక్రం ముందూ ఒక అయస్కాంతపు కడ్డీ, దానికి చుట్టిన తీగచుట్ట. పళ్లు కదిలే కొద్దీ తీగలో విద్యుత్తు ఊగుతుంది, అదే స్వరం. వాయించడానికి రెండు వరసల మెట్లు, ఒక్కో వరసలో 61. ప్రతి మెట్టు కింద తొమ్మిది కాంటాక్టులు, అంటే రెండు వరసలకూ కలిపి 1,098. మెట్టు నొక్కినప్పుడు ఆ తొమ్మిదీ ఒకేసారి తగలవు, వెంట్రుకవాసి తేడాతో తగులుతాయి. ఆ చిటపటనే కీ క్లిక్ అంటారు. తయారు చేసినవాళ్లు దాన్ని లోపమనుకున్నారు. జాజ్ వాళ్లు దాన్నే పలుకుగా మార్చుకున్నారు.

తొమ్మిది కాంటాక్టులకు తొమ్మిది డ్రాబార్లు, అంటే లాగే కడ్డీలు. లాగే కొద్దీ 0 నుంచి 8 దాకా బలం పెరుగుతుంది. ఎడమ నుంచి వాటి పేర్లు 16, 5⅓, 8, 4, 2⅔, 2, 1⅗, 1⅓, 1 అడుగులు. 8 అడుగులది మీరు నొక్కిన స్వరం. 16 దాని కింది స్థాయి, 4 దాని పై స్థాయి. హార్మోనియంలో బాస్ రీడు, మేల్ రీడు కలిపి పలికించడం తెలిసిన చేతికి ఇది కొత్త కాదు. కొత్తగా ఉండేది రెండో డ్రాబార్, 5⅓. అది మీరు నొక్కిన స్వరానికి పైనున్న పంచమాన్ని పలికిస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, కిందికి వెళ్లాక దీని మీద పెద్ద గొడవే ఉంది.

హార్మోనియం మాట ఊరికే తేలేదు. వేలి బలంతో శబ్దం పెరగడమనేది ఆర్గాన్‌లో లేదు. మెల్లగా నొక్కినా గట్టిగా కొట్టినా ఒకటే. హెచ్చుతగ్గులన్నీ కుడి పాదం కింది ఎక్స్‌ప్రెషన్ పెడల్‌వి. హార్మోనియంలో తిత్తి చేసే పని ఇక్కడ పాదం చేస్తుంది. వేలు తీసిన క్షణంలో స్వరం ఆగిపోతుంది. పియానోలోలా మోగుతూ ఉండదు. పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన చేయి హామండ్ మీద పియానో చేతికన్నా ముందు కుదురుకోవడానికి కారణం ఇదే. పియానో నేర్చిన పిల్లవాడు సస్టెయిన్ పెడల్‌కు అలవాటుపడి స్వరాలకు మధ్య చేతిని ఎత్తేస్తాడు. ఆర్గాన్ మీద ఆ ఎత్తిన చోటల్లా చిల్లు పడుతుంది.

కాబట్టి మొదటి తరగతిలో మూడు పనులు చేయించండి. సస్టెయిన్ పెడల్ తీసి పక్కన పెట్టించండి. కీబోర్డ్ సెట్టింగుల్లో టచ్ రెస్పాన్స్ ఆపేయండి, లేదా స్థిరమైన విలువకు కట్టేయండి. ఎక్స్‌ప్రెషన్ పెడల్ తగిలించే సౌకర్యం ఉంటే తగిలించండి; లేకపోతే ఎడమ చేతితో వాల్యూమ్ తిప్పే అలవాటు మాత్రం చేయించకండి, ఆ చేతికి వేరే పని ఉంది. తర్వాత వేళ్ల మార్పిడితోనే, శబ్దం తెగకుండా, ఒక స్కేలు ఎక్కి దిగమనండి. మెట్టు నొక్కి ఉంచుతూనే రెండో వేలిని దాని మీదకు జారవేయడం, మొదటి వేలిని విడిపించడం: ఇది వస్తే సగం ఆర్గాన్ వచ్చినట్టే.

శబ్దం ఎలా పెట్టాలి? కొత్తగా వాయించేవాడికి పై వరసకు 88 8000 000 చాలు, మొదటి మూడు డ్రాబార్లు పూర్తిగా, మిగతావి మూసి. దీనికి పర్కషన్ (స్వరం మొదట్లో వచ్చే చిన్న 'టిక్') తోడు: మూడో హార్మోనిక్, సాఫ్ట్, ఫాస్ట్. యమహా పెద్ద మోడళ్లలో 'ఆర్గాన్ ఫ్లూట్స్' అనే పేజీలో ఈ డ్రాబార్లు కనిపిస్తాయి. చిన్న మోడళ్లలో ఉండవు. అక్కడ ఉన్నవాటిలో అన్నిటికన్నా సాదాగా, వణుకు తక్కువగా ఉన్నదాన్ని తీసుకోండి.

పర్కషన్ దగ్గర ఒక పరీక్ష పెట్టండి. అసలు హామండ్‌లో మెట్లన్నీ వదిలేసిన తర్వాత నొక్కిన మొదటి స్వరానికే ఆ 'టిక్' వస్తుంది. ఒక మెట్టు పట్టుకుని మరొకటి నొక్కితే రెండో దానికి రాదు. చవక కీబోర్డ్‌లలో ప్రతి స్వరానికీ వచ్చేస్తుంది. అప్పుడు వేగమైన సంగతి జలతరంగం మీద కొట్టినట్టుంటుంది, ఆర్గాన్‌లా ఉండదు. అలా వస్తుంటే పర్కషన్ ఆపేసి నేర్పడం మేలు. అసలు వాద్యంలో పర్కషన్ వేస్తే తొమ్మిదో డ్రాబార్ మూగబోతుందని, పర్కషన్ వాల్యూమ్ నార్మల్‌లో పెడితే డ్రాబార్ల శబ్దం కాస్త తగ్గుతుందని కూడా చెప్పండి. ఈ చిన్న నియమాలు తెలిసినవాడికి యంగ్ వేళ్లు ఎక్కడ కలిపి వాయించాయో, ఎక్కడ విడిచి వాయించాయో టిక్ శబ్దాన్ని బట్టే తెలిసిపోతుంది. మంచి రికార్డింగ్ దొరికితే ఇదో సరదా.

లెస్లీ స్పీకర్ గురించి మా ఫిర్యాదు ఒకటుంది. అందులో పైన తిరిగే హారన్, కింద తిరిగే డ్రమ్ ఉంటాయి; నెమ్మదిగా తిరిగితే అల, వేగంగా తిరిగితే వణుకు. కీబోర్డ్ కంపెనీలు 'జాజ్ ఆర్గాన్' అంటే చాలు, వణుకు ఎప్పుడూ వేసే ఉంచుతాయి. యంగ్ దాని మీద ఆధారపడలేదు. 'యూనిటీ'లో ఆర్గాన్ గీత గీసినట్టు, పొడిగా పలుకుతుంది. మీ తరగతిలో ముందు నెమ్మది వేగంలో పెట్టండి, లేదా ఆపేయండి. వణుకు ఎక్కువైతే స్వరాల మధ్య దూరాలు చెవికి ఆనవు. యంగ్ సంగీతమంతా ఆ దూరాల్లోనే ఉంది.

ఆ దూరాలు ఏమిటో చూద్దాం. జిమ్మీ స్మిత్ దారిలో తీగ (కార్డ్, అంటే ఒకేసారి నొక్కే స్వరాల గుంపు) కట్టేది ఎక్కువగా మూడేసి స్వరాల అంతరంతో. యంగ్ నాలుగేసి అంతరం తీసుకున్నారు. పియానోలో మెకాయ్ టైనర్ చేసిన పనికి ఇది తోబుట్టువు. కర్ణాటక సంగీతం తెలిసిన పిల్లలకు దీన్ని అరగంటలో అర్థమయ్యేలా చెప్పొచ్చు, మేం ప్రతిపాదించే పాఠం ఇదీ.

రెండు శ్రుతి పెట్టుకోండి, అంటే డి. దాన్ని షడ్జం చేసుకుంటే తెల్ల మెట్లన్నీ కలిపి ఖరహరప్రియ. జాజ్ వాళ్లు దీన్నే డోరియన్ అంటారు. ఎడమ చేతితో కింద స పట్టుకుని, కుడి చేతితో స–మ–ని ఒకేసారి నొక్కండి. తర్వాత అదే ఆకారాన్ని ఒక మెట్టు పైకి: రి–ప–స. ఇంకొకటి పైకి వెళ్తే గ–ద–రి. అక్కడ గ–ద మధ్య దూరం అర మెట్టు ఎక్కువ, అందుకే కొంచెం కరుకు. ఈ మూడింటినీ ముందుకూ వెనక్కూ జరుపుతుంటే 'మేజరా, మైనరా' అన్న ప్రశ్నే పుట్టదు. తలుపులు తీసిన ఇల్లులా ఉంటుంది. పైన పాడేవాడికి ఎటు వెళ్లినా అడ్డు లేదు.

ఇక్కడే రెండో డ్రాబార్ గొడవ మొదలవుతుంది. 88 8000 000 మీద ఈ తీగను మధ్య సి కింద నొక్కితే బురద. ఎందుకంటే 5⅓ ప్రతి స్వరానికీ దాని పంచమాన్ని కలుపుతోంది. స నొక్కితే ప, మ నొక్కితే పై స, ని నొక్కితే పై మ. మీరు నొక్కింది మూడు, మోగేవి ఇంకా ఎక్కువ, అందులో మీరు అడగని ప వచ్చి పక్కనున్న మను రాసుకుంటోంది. పైగా 16 అడుగులది మీరు నొక్కినవాటిని కింది స్థాయిలో మళ్లీ పలికిస్తోంది. పిల్లలు ఇది తమ వేళ్ల తప్పనుకుని తీగనే వదిలేస్తారు. వదలక్కర్లేదు. తీగ వాయించే చేతికి 00 8500 000 పెట్టండి, 16ను, 5⅓ను మూసేయండి. తీగను మధ్య సికి అటూ ఇటూ ఉంచండి. బురద తేరుకుంటుంది. ఏకస్వరంగా సాగే సంగతులకు మళ్లీ 88 8000 000కు రావచ్చు. వాయిస్తూ వాయిస్తూ డ్రాబార్ లాగడం, తోయడం ఆర్గాన్ వాయించడంలో భాగమే. తీగ పట్టుకుని ఒక్కో డ్రాబార్‌నే నెమ్మదిగా లాగి చూడమనండి. స్వరం మారకుండానే రంగు మారుతుంది.

తర్వాతి మెట్టు శుద్ధ ధన్యాసి. ఆ తెల్ల మెట్ల మీదే, ఆ ఖరహరప్రియ లోపలే, శుద్ధ ధన్యాసి మూడు చోట్ల నుంచి వస్తుంది: డి నుంచి, ఇ నుంచి, ఎ నుంచి. అంటే కింద షడ్జం కదలకుండా, పైన ధన్యాసి మాత్రం స నుంచి, రి నుంచి, ప నుంచి మొదలవుతుంది. మూడూ ఆ బేస్‌కు సరిపోతాయి, మూడు రుచులు. రి నుంచి ఎత్తుకున్నది అందరికన్నా గాలిలో తేలుతుంది, ఎందుకంటే అందులో ఖరహరప్రియ గ, ని రెండూ లేవు.

ఇప్పుడు నల్ల మెట్లు. నల్లవి ఐదూ మోహనమని మీ పిల్లలకు మొదటి వారంలోనే చెప్పి ఉంటారు. అవే ఐదింటిని రెండున్నర శ్రుతి నుంచి, అంటే డి షార్ప్ నుంచి, మొదలుపెడితే శుద్ధ ధన్యాసి. మోహనానికి గ్రహభేదం చేస్తే వచ్చేవాటిలో ఒకటి ఇది, మీకు చెప్పక్కర్లేదు. కింద రెండు శ్రుతి బేస్ అలాగే నడుస్తుంటే, పైన తెల్లవాటి మీద ఒక ధన్యాసి పలుకు వాయించి, అదే పలుకును అర మెట్టు పైకి జరిపి నల్లవాటి మీద వాయించి, మళ్లీ తెల్లవాటికి జారిపోండి. ఏడు తెల్లవి, ఐదు నల్లవి, ఒక్క స్వరమూ ఉమ్మడి లేదు. రాగం నుంచి పూర్తిగా బయటికి వెళ్లి వచ్చినట్టు. యంగ్, వుడీ షా ఇద్దరూ ఇలా బయటికి వెళ్లి రావడంలో దిట్టలు. వాళ్లు చేసింది దీనికన్నా ఎంతో చిక్కనిది, తీగలు మారుతుండగా చేశారు. కానీ గుమ్మం ఇదే.

ఇందులో పిల్లలు రెండు చోట్ల తప్పుతారు. నల్లవాటి మీద ఒకటి రెండు స్వరాలే వాయించి భయపడి వెనక్కు వస్తారు. అది తప్పు మెట్టు నొక్కినట్టే వినిపిస్తుంది. పలుకు ఆకారం పూర్తిగా రావాలి. డి–ఎఫ్–జి–ఎ–సి వాయిస్తే, డి షార్ప్–ఎఫ్ షార్ప్–జి షార్ప్–ఎ షార్ప్–సి షార్ప్ అంతా వాయించాలి. ఆకారం ఒకటే అయినప్పుడు చెవి దాన్ని కావాలని చేసినదిగా ఒప్పుకుంటుంది. రెండోది, కుడి చేయి బయటికి పోగానే ఎడమ చేయి కూడా వెంట పోతుంది. బేస్ తెల్లవాటి మీదే ఉండాలి. ఎనిమిది ఆవర్తాలు తీసుకోండి, ఆరు లోపల, ఏడోది బయట, ఎనిమిదో ఆవర్తంలో సకి దిగాలి. దిగేటప్పుడు అర మెట్టు జారుడు: సి షార్ప్ నుంచి డికి, లేదా జి షార్ప్ నుంచి ఎకి.

బేస్ సంగతి కొంచెం విడిగా చెప్పాలి. 'యూనిటీ' వినేవాళ్లు చాలామంది అందులో బేస్ గిటారో, నిలువు బేసో ఉందనుకుంటారు. లేదు. హామండ్ జాజ్‌లో మామూలు పద్ధతి ఏమిటంటే, కింది వరస మీద ఎడమ చేయి నడక బేస్ వాయిస్తుంది, ఎడమ పాదం పెడల్ బోర్డు మీద (అక్కడ 25 పెడళ్లుంటాయి) ప్రతి దెబ్బకూ పొట్టిగా తడుతుంది. పాదం ఇచ్చేది స్వరం కన్నా ఎక్కువగా 'ధుమ్' అనే మొదలు. పెడల్ మీద స్వరాన్ని సాగదీస్తే చేతి బేస్‌తో కలిసి రొద అవుతుంది. కీబోర్డ్‌లో రెండు వరసలు లేవు కాబట్టి మధ్య సి కింద స్ప్లిట్ పెట్టి, ఎడమ వైపుకు 83 8000 000 ఇవ్వండి, పర్కషన్ లేకుండా. నిమిషానికి 80 దెబ్బలతో మొదలు: స గ మ ప, ని ద ప మ, గ మ గ రి, మళ్లీ స. ప్రతి స్వరం తర్వాతిదాన్ని తాకాలి, దాని మీద పడకూడదు. కింది స్థాయిలో రెండు స్వరాలు క్షణం కలిసినా గురగుర వస్తుంది. ఈ బేస్‌ను పది నిమిషాలు ఆపకుండా, కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని వాయించగలిగిన రోజున కుడి చేతిని పైకి రానివ్వండి. ముందే రానిస్తే, కుడి చేయి ఎక్కడ నొక్కి పలికితే ఎడమ చేయి అక్కడే తూలుతుంది. ఎనభై మీద నిలిచాక నూట అరవైకి వెళ్లొచ్చు.

బేస్ వినడానికి 'యూనిటీ'లోనే చక్కటి పాఠముంది: పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్ రచన 'మంక్స్ డ్రీమ్'. అందులో బాకాలు లేవు, ఆర్గాన్, డ్రమ్స్ ఇద్దరే. ఒకసారి పైన వినండి, ఒకసారి కింద మాత్రమే వినండి. ఒకే మనిషి అని నమ్మడానికి రెండో వినికిడి కావాలి. మొదటి రచన 'జోల్తాన్' వుడీ షాది. హంగేరీ స్వరకర్త జోల్తాన్ కోడాయ్ పేరు, ఆయన 'హారీ యానోష్' నుంచి తీసుకున్న ఎత్తుగడ. సైనిక కవాతులా మొదలై, ఉన్నట్టుండి ఊపులో పడుతుంది. తరగతిలో వినిపించడానికి దీనికి మించినది లేదు, పిల్లలు వెంటనే తలలెత్తుతారు. 'ది మూన్‌ట్రేన్' మాత్రం మూడో నెలలో వినిపించండి. తీగలు మారే వేగం ముందే వింటే బెదిరిపోతారు.

వినే వరస మా లెక్కలో ఇదీ: ముందు 1962 నాటి 'గ్రూవ్ స్ట్రీట్', పాత దారి ఎలా ఉండేదో తెలియడానికి, తర్వాత 'టాకిన్ అబౌట్ జె.సి.', తర్వాత 'యూనిటీ', కనీసం నెల రోజులు, ఆ తర్వాతే 'ఎమర్జెన్సీ!'. చివరిదానిలో ఆర్గాన్ ఊపు ఇవ్వడం దాదాపు మానేసి, పొగలా కమ్ముకుంటుంది, పిడుగులా పడుతుంది. హెడ్‌ఫోన్లో తక్కువ శబ్దంతో వినిపించండి. పగిలిన రికార్డింగ్ కాబట్టి పెంచే కొద్దీ చెవి అలిసిపోతుంది, అప్పుడు సంగీతాన్ని నిందిస్తారు. 1973 నాటి 'లారెన్స్ ఆఫ్ న్యూవార్క్' దీర్ఘమైన, తాళవాద్యాలు దట్టంగా ఉన్న ఆల్బమ్. మా మీద కోపమొచ్చినా సరే, పెద్ద పిల్లలకే.

ఒక చిన్న విన్నపం: పిల్లలకిచ్చే కాగితాల్లో, ఫైళ్లలో లారీ యంగ్ అని రాసిన చోటల్లా పక్కన ఖాలిద్ యాసిన్ అని కూడా రాయండి. లేకపోతే శాంటానా, మెక్‌లాఫ్లిన్ రికార్డు అట్ట మీద ఆ పేరు చూసి ఇంకెవరో అనుకుంటారు.

న్యూజెర్సీలో సంగీతం నేర్పే తెలుగు గురువులకు ఇంకో మాట. మీలో చాలామంది ఎడిసన్ చుట్టుపక్కల ఉంటారు, న్యూవార్క్ విమానాశ్రయం మీకు ఇంటి గుమ్మం లాంటిది. అదే ఊళ్లో రట్గర్స్ విశ్వవిద్యాలయం డేనా లైబ్రరీలో జాజ్ అధ్యయన సంస్థ ఉంది, జాజ్‌కు సంబంధించిన పెద్ద భాండాగారం. 88.3 ఎఫ్‌ఎంలో జాజ్ వినిపించే డబ్ల్యూబీజీవో స్టేషన్ ఆ ఊరిదే. యంగ్, వుడీ షా పెరిగిన ఊరు అది. వారాంతపు తరగతిని ఒక్కసారి అక్కడికి నడిపించండి.

అమెరికా నుంచి పాత హామండ్ కొని ఇండియాకు పంపాలనుకునే సంస్థలు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్నకు ఇక్కడే జవాబు. బి-3 బల్ల, పెడళ్లతో కలిపి సుమారు 190 కిలోలు. నలుగురు మనుషులు కావాలి. అక్కడి వోల్టేజి 117, ఇక్కడ 230. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజి సరిపోతుంది. అందరూ అక్కడే ఆగుతారు, అదే పొరపాటు. చక్రాలు తిప్పే మోటారు వేగం వోల్టేజిని బట్టి కాదు, కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఆరింట ఐదు వంతుల వేగంతో తిరుగుతుంది, అంటే శ్రుతి మొత్తం సుమారు మూడు అర మెట్లు కిందికి దిగుతుంది. సి నొక్కితే కింది ఎ పలుకుతుంది. ట్యూన్ చేయడానికి అందులో మర ఏదీ లేదు. దారులు రెండే: 50 హెర్ట్జ్ కోసమే తయారైన ఆర్గాన్ వెతికి కొనడం, లేదా 60 హెర్ట్జ్ స్థిరంగా ఇచ్చే ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ పెట్టడం. చవక ఇన్వర్టర్ వద్దు. తరంగం శుభ్రంగా లేకపోతే మోటారు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది.

వచ్చిన తర్వాత నడపడం ఇలా. స్టార్ట్ స్విచ్ ఎనిమిది సెకన్లు పట్టుకోండి. వదలకుండానే రన్ స్విచ్ వేయండి. ఇంకో నాలుగు సెకన్లు రెండూ ఉంచి స్టార్ట్ వదలండి. తొందరపడితే చక్రాలు అందుకోక ఆగిపోతాయి, లేదా శ్రుతి జారుతుంది. ఏడాదికోసారి నూనె. వెనక బల్ల తీస్తే జనరేటర్ మీద గరాటు లాంటి కప్పులు కనిపిస్తాయి. అక్కడి నుంచి సన్నటి దారాల మీదుగా నూనె బేరింగులకు పాకుతుంది. హామండ్ నూనె తప్ప వేరేది వేయకండి. ఇంట్లో దొరికే చిక్కటి నూనె వేస్తే దారాలు జిగురెక్కి నూనె పాకడం ఆగుతుంది, ఒకటి రెండేళ్లలో చక్రాలు బిగుసుకుంటాయి. మెట్ల దగ్గరి పాత స్పాంజి మన తేమకు కరిగి జిగటవుతుంది. అది కాంటాక్టుల్లోకి దిగకముందే తీయించి కొత్తది వేయించండి. కొన్న రోజునే ఆ పని చేయించి, తర్వాతే వాద్యాన్ని తరగతి గదిలో పెట్టండి.

ఇట్లు,
హామండ్ ఆర్గాన్ వాయించేవాళ్లం, బాగుచేసేవాళ్లం